విన్నీ హార్లో ముఖచిత్రం, శ్రీకాకుళం పెళ్లిచూపులు

2018 నవంబరులో న్యూయార్క్‌లో జరిగిన, లోదుస్తుల కంపెనీ విక్టోరియాస్ సీక్రెట్ ఫ్యాషన్ షోలో విన్నీ హార్లో ర్యాంప్ మీద నడిచారు. బొల్లి మచ్చలు ఉండి ఆ షోలో నడిచిన మొదటి మోడల్ ఆమే. 1994లో కెనడాలో, టొరంటో పక్కన, జమైకా మూలాలున్న కుటుంబంలో పుట్టారు. అసలు పేరు షాంటెల్ బ్రౌన్ యంగ్. నాలుగేళ్ల వయసులో మచ్చలు బయటపడ్డాయి. బడిలో తోటి పిల్లలు ఆవు అని, జీబ్రా అని ఏడిపించారు. 2014లో అమెరికా మోడల్ టైరా బ్యాంక్స్ ఆమె ఫొటోలను ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి, మోడళ్ల కోసం తాను నడిపే టీవీ పోటీలోకి తీసుకున్నారు. పోటీ గెలవలేదు కానీ ఆ ఏడాదే స్పెయిన్ బట్టల కంపెనీ డెసిగువల్ ప్రచారానికి ఆమె ముఖమైంది. ఆ తర్వాత డీజిల్ అనే బట్టల కంపెనీ ప్రచారం, పెద్ద పత్రికల ముఖచిత్రాలు వరసగా వచ్చాయి.

మచ్చలున్న చర్మం ముఖచిత్రానికి ఎక్కడం చిన్న విషయం కాదు. దాచుకోవలసిన రోగంగా చూసినదాన్ని లక్షలమంది ఇష్టపడి చూశారు. అయితే ఆ మార్పు ఎంత దూరం వచ్చిందో తెలియాలంటే ఆమదాలవలసలోనో బొబ్బిలిలోనో పెద్దవాళ్లు సంబంధం మాట్లాడుకునే చోట చూడాలి. "గుంట మంచిదే గానీ చేతి మీద ఏదో తెల్ల మచ్చ ఉందట" అన్న ఒక్క మాటతో సంబంధం తప్పిపోతుంది. బొల్లి ఉన్న మనిషికి ఇక్కడ కావలసింది అందగత్తె అనే పేరు కంటే చాలా మామూలువి: పెళ్లి బంతిలో పక్కనున్నవాళ్లు జరగకుండా కూర్చోవడం, బిడ్డను ఎత్తుకుంటే తల్లి కంగారుపడకపోవడం, బస్సులో పక్క సీటు ఖాళీగా మిగలకపోవడం. ఫ్యాషన్ ప్రపంచం మచ్చలను అందం జాబితాలో చేర్చగలదు. ఈ మామూలుతనాన్ని మాత్రం ఊరే ఇవ్వాలి, ఊరు దాన్ని ఇవ్వకుండా ఆపుతున్న భయాలేమిటో ముందు తెలుసుకోవాలి.

ప్రపంచంలో వందకు ఒకరు అటూ ఇటూగా బొల్లితో ఉంటారు. అర శాతం నుంచి రెండు శాతం అన్నది వైద్యులు సాధారణంగా చెప్పే అంచనా. 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కలిపి దాదాపు 50 లక్షల మంది ఉన్నారు. తక్కువలో తక్కువ అర శాతం వేసుకున్నా పాతికవేల మంది. వీళ్లంతా ఎక్కడున్నారు అని ఎవరైనా అడగొచ్చు. నిండు చేతుల జాకెట్లలో, ఎండాకాలంలోనూ తీయని సాక్సుల్లో, గ్రూపు ఫొటోలో వెనక వరసలో ఉన్నారు. శుభకార్యానికి "ఒంట్లో బాగోలేదు" అని రాకుండా ఇంట్లోనే ఉండిపోయినవాళ్లలో ఉన్నారు.

బొల్లి ఎలా వస్తుందో వైద్యానికి ఇప్పుడు చాలావరకు తెలుసు. చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. దాన్ని తయారు చేసే కణాలు మెలనోసైట్లు. రోగాల నుంచి ఒంటిని కాపాడవలసిన తెల్ల రక్తకణాల్లో ఒక రకం పొరబడి ఈ మెలనోసైట్ల మీదే దాడి చేస్తుంది. కణాలు చనిపోయిన చోట రంగు పూర్తిగా పోయి చర్మం పాల తెలుపుకు వస్తుంది. కొందరికి థైరాయిడ్ సమస్య కూడా తోడుంటుంది, ఎందుకంటే అదీ ఇదే తీరు పొరపాటు వల్ల రావచ్చు. సగం మందికి ఇరవయ్యేళ్ల లోపే మొదలవుతుంది. అంటే బడి, కాలేజీ, ఉద్యోగం, పెళ్లి అన్నీ మచ్చలు వచ్చాక జరగాల్సినవే. ఇందులో సూక్ష్మజీవి లేదు. ముట్టుకుంటే, కలిసి తింటే, ఒకే దుప్పటి కప్పుకుంటే, కాపురం చేస్తే అంటుకోదు.

భయానికి అసలు వేరు మరోచోట ఉంది. తెల్ల మచ్చ అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది కుష్టు. ఈ ప్రాంతానికి ఆ జ్ఞాపకం బలంగా ఉంది. సాలూరులో కుష్టు రోగుల కోసం మిషన్ ఆసుపత్రి ఏళ్ల తరబడి పనిచేసింది. చికిత్స సరిగా లేని కాలంలో వేళ్లు కోల్పోయినవాళ్లను, ఊరి నుంచి వెళ్లగొట్టినవాళ్లను చూసిన తరాలు ఇక్కడ ఉన్నాయి. సంస్కృత వైద్య గ్రంథాలు బొల్లిని కుష్టు వ్యాధుల పక్కనే చెప్పడం, జనం నోట శ్వేతకుష్టు అనే పేరు నిలవడం ఈ గందరగోళాన్ని ఇంకా పెంచాయి. కానీ రెండూ వేరు. కుష్టు మచ్చ చుట్టుపక్కల చర్మం కంటే కాస్త లేతగానో ఎర్రగానో ఉంటుంది, పాల తెలుపు కాదు. చాలాసార్లు దాని మీద స్పర్శ తగ్గిపోతుంది. బొల్లి మచ్చ మీద సూది మొన తాకినా, వేడి తగిలినా మామూలుగానే తెలుస్తుంది. కుష్టు కూడా మందులతో పూర్తిగా నయమయ్యే రోగమే కాబట్టి దాన్ని చూసి మనిషిని వెలివేయడానికీ ఇప్పుడు ఏ కారణమూ లేదు. పిల్లల బుగ్గల మీద వచ్చే పాలిపోయిన మచ్చలు, చెమట ఎక్కువ పట్టేవాళ్ల వీపు మీద వచ్చే శోభి మచ్చలు కూడా బొల్లి కావు. వాటిని చూసి హడలిపోయి ఏడాదిపాటు పథ్యం చేయించిన ఇళ్లున్నాయి.

పథ్యం మాట వచ్చింది కాబట్టి దాన్ని గట్టిగా చెప్పాలి. చేపల కూర తిని పాలు తాగితే బొల్లి వస్తుందని తీరప్రాంతంలో చాలామంది నమ్ముతారు. మచ్చ కనపడగానే చేప, గుడ్డు, పెరుగు, చింతపండు, నిమ్మకాయ మాన్పిస్తారు. చేపే ప్రధాన మాంసాహారమైన మత్స్యకార కుటుంబంలో పదేళ్ల పిల్లకు చేప ఆపేస్తే ఆ పిల్ల కంచంలో మిగిలేది ఏమిటి? తిండి వల్ల బొల్లి వస్తుందనడానికి గానీ, పులుపు మానేస్తే మచ్చ తగ్గుతుందనడానికి గానీ ఆధారం లేదు. మచ్చను తగ్గించకపోగా రక్తహీనతను కూడా తెచ్చిపెట్టగల ఈ పథ్యాన్ని ప్రేమతోనే చేయిస్తారు, అయినా అది పిల్లకు హానే.

శ్రీకాకుళం పక్కనే అరసవల్లి ఉంది. సూర్యనారాయణ స్వామి ఆలయాన్ని ఏడో శతాబ్దంలో కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. మార్చి, అక్టోబరు నెలల్లో కొన్ని ఉదయాల్లో సూర్యకిరణాలు నేరుగా మూలవిరాట్టు పాదాలను తాకేలా దాని అమరిక ఉంది. చర్మవ్యాధులు ఉన్నవాళ్లు ఇక్కడికి మొక్కుకోవడానికి రావడం తరతరాల ఆచారం, రథసప్తమి రోజు ఆ వరసల్లో మచ్చలున్న చేతులూ కనిపిస్తాయి. వైద్యం వైపు చూసినా బొల్లికి వెలుగుతో చుట్టరికం ఉంది. ఆయుర్వేదంలో వాడే బావంచాల గింజల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మానికి చేరాక అతినీలలోహిత కిరణాలు పడితే రంగు కణాలు మళ్లీ మేల్కొంటాయి. 1940ల్లో ఈజిప్టు వైద్యుడు ఎల్ మోఫ్తీ తమ దేశంలో దొరికే మరో మొక్క నుంచి తీసిన ఇదే జాతి మందును బొల్లికి వాడి చూశాడు. దాన్నుంచి ఆధునిక కాంతి చికిత్స పెరిగింది. 1990ల నుంచి మందు అవసరం లేకుండా 311 నానోమీటర్ల కిరణాలను మాత్రమే ఇచ్చే పద్ధతి వచ్చింది. ఇప్పుడు ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడేది అదే.

ఈ చుట్టరికం చూసి ఇంట్లో బావంచాలు నూరి రాసుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చోవడం మాత్రం ప్రమాదం. మోతాదు తెలియని సోరాలెన్‌తో చర్మం బొబ్బలెక్కుతుంది. బొల్లి ఉన్నవాళ్లలో కాలిన చోట, గీరుకున్న చోట కొత్త మచ్చ పుట్టే గుణం ఉంది కాబట్టి తగ్గించుకోబోయి పెంచుకున్నట్టవుతుంది. మెలనిన్ లేని చర్మానికి ఎండ నుంచి రక్షణ కూడా ఉండదు. విన్నీ హార్లో ఒక షూటింగ్‌లో ఎండకు చర్మం దారుణంగా కమిలిన అనుభవం తర్వాతే 2022లో సొంతంగా సన్‌స్క్రీన్ కంపెనీ పెట్టారు. వరి నాట్లలో, ఉప్పు మడుల్లో, పడవల మీద రోజంతా ఉండేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. తుండుగుడ్డ, నిండు చేతుల చొక్కా వాళ్లకు సిగ్గుతో కప్పుకునేవి కానక్కర్లేదు, ఎండకు అడ్డు.

మన తెరకు దగ్గరి ఉదాహరణ మమతా మోహన్‌దాస్. తెలుగు సినిమాల్లో నటించి, పాటలూ పాడిన ఆమె 2023 జనవరిలో తన చర్మం రంగు కోల్పోతోందని ఇన్‌స్టాగ్రామ్‌లో రాశారు. అది సూర్యుడికి రాసిన ఉత్తరంలా ఉంటుంది, పొద్దున్నే లేచి మొదటి కిరణం కోసం ఎదురుచూస్తున్నానని. అంతకుముందే క్యాన్సర్‌ను ఎదుర్కొన్న మనిషి ఆమె. హైదరాబాద్‌లో పుట్టిన హిందీ నటుడు విజయ్ వర్మ కూడా తనకు బొల్లి ఉందని దాచలేదు. కానీ ప్రేక్షకుల దృష్టి మచ్చ మీదికి పోకూడదని సినిమాల్లో మాత్రం కప్పుకుంటానని చెప్పారు. మామూలు జీవితంలో బయటపెట్టగలిగినదాన్ని కథలోని మనిషికి ఉంచలేకపోవడం మన సినిమా ఎక్కడ నిలబడి ఉందో చెబుతుంది. బొల్లి ఉన్న బడిపంతులు, బొల్లి ఉన్న బావ, బొల్లి ఉన్న పోలీసు ఊళ్లో ఉన్నారు, తెర మీద లేరు. ఉంటే ఆ మచ్చకు కథలో ఏదో ఒక కారణం చూపించాలని దర్శకుడికి అనిపిస్తుంది.

ఫ్యాషన్ రంగం తెచ్చిన మార్పుకూ హద్దులున్నాయి. విన్నీ ముఖం మీద మచ్చలు ఇంచుమించు రెండు పక్కలా సమానంగా ఉంటాయి. నల్లని చర్మం మీద తెలుపు స్పష్టంగా గీత గీసినట్టుంటుంది. కెమెరాకు అది నచ్చే ఆకారం. పెదవి ఒక్క మూల, ఒక కనురెప్ప, నాలుగు వేళ్ల చివర్లు తెల్లబడిన మనిషికి ఆ అదృష్టం లేదు. మచ్చ బొమ్మలా అందంగా అమరితేనే ఒప్పుకుంటామంటే పాత కొలబద్ద పోలేదు, దానికి ఇంకో గీత చేరిందంతే. బొల్లి ఉన్న మోడళ్లు ఒకరిద్దరికే చోటు దొరకడం కూడా ఇలాంటిదే. 2020లో మ్యాటెల్ కంపెనీ బొల్లి ఉన్న బార్బీ బొమ్మను తెచ్చింది. ఆడుకునే పిల్లకు అది మేలే చేస్తుంది, కానీ అది కూడా ఫ్యాషన్ బొమ్మే. విన్నీ చేసినవాటిలో ముఖచిత్రాల కంటే విలువైనది మరొకటి ఉంది. తనను బొల్లి బాధితురాలు అని రాయొద్దని, బొల్లి మోడల్ అనీ పిలవొద్దని, తాను ఒక మోడల్‌నని, తనకు బొల్లి కూడా ఉందని ఆమె పదేపదే చెప్పారు. బొబ్బిలి, పాలకొండ, నరసన్నపేటలకు అరువు తెచ్చుకోదగ్గది ఈ వైఖరే. ఊళ్లో ఎవరినైనా మచ్చను బట్టి పిలవడం మొదలైతే ఆ మనిషి చదువు, పని, మాట అన్నీ ఆ పేరు కింద పడిపోతాయి.

తెలుపు మీద మనకున్న మోజు ఇక్కడే బాధాకరమైన మలుపు తిరుగుతుంది. 1975లో మన మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది, కానీ చామనచాయ పిల్లకు తల్లే తెచ్చిచ్చే క్రీముల వరస ఆగలేదు. రంగు తగ్గించే రసాయనాల్లో కొన్ని రంగు కణాలను చంపేస్తాయి. 2013లో జపాన్‌లో కానెబో కంపెనీ రోడోడెనాల్ కలిపిన తెల్లబరిచే క్రీములను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది, అవి వాడిన వేలమందికి బొల్లిలాంటి మచ్చలు వచ్చాయి. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే స్టెరాయిడ్ క్రీములు చర్మాన్ని పలచబరిచి, పాలిపోయేలా చేస్తాయి. ఇంకా దగ్గరిది స్టిక్కర్ బొట్టు. దాని జిగురులో వాడే ఒక రసాయనం కొందరికి నుదుటి మీద సరిగ్గా బొట్టంత తెల్ల మచ్చను మిగులుస్తుంది. రబ్బరు చెప్పుల పట్టీల కింద, అదే ఆకారంలో వచ్చే మచ్చలూ ఉన్నాయి. రబ్బరులోని రసాయనంతో రంగు పోతుందని 1939లోనే తోళ్ల పరిశ్రమ కార్మికుల చేతి తొడుగుల వల్ల తెలిసింది. నుదుటి మీద మచ్చ మొదలైనప్పుడు చాలామంది చేసే పని దాన్ని కప్పడానికి ఇంకా పెద్ద స్టిక్కర్ పెట్టడం. తీసేసి కుంకుమకో, జిగురు లేని మరో బొట్టుకో మారితే మచ్చ అక్కడితో ఆగే అవకాశం ఉంది. ఈ ఒక్క సంగతి విజయనగరం గంటస్తంభం దగ్గర బొట్టుబిళ్లలు కొనే ప్రతి ఆడమనిషికీ తెలియాలి.

పెళ్లి దగ్గర వచ్చే ప్రశ్న పిల్లలకు వస్తుందా అన్నది. వంశంలో ఉంటే అవకాశం కొంత పెరుగుతుంది, నిజమే. బొల్లి ఉన్నవాళ్ల తోబుట్టువుల్లో సుమారు 6 శాతం మందికి అది కనిపించిందని 2003లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన చెప్పింది. జన్యువులన్నీ ఒకటే అయిన కవలల్లో కూడా ఒకరికి ఉంటే రెండోవారికి ఉన్నది 23 శాతమే. అంటే నూటికి తొంభైమందికి పైగా తోబుట్టువులకు రాదు. అయినా అక్కకు మచ్చలుంటే చెల్లెలి సంబంధం కూడా ఆగిపోతుంది. దీన్ని రోగభయం అనడం కంటే పరువు లెక్క అనడం సరైనది, ఎందుకంటే బీపీ, షుగరు వంశంలో ఉన్నాయా అని ఏ పెళ్లిచూపుల్లోనూ ఇంత గుచ్చి అడగరు, అవి ప్రాణానికి ఎక్కువ ముప్పు అయినా. మచ్చలున్న అబ్బాయికి కట్నం తగ్గించుకుంటే పెళ్లి జరుగుతుంది, అమ్మాయికి కట్నం పెంచినా జరగదు. ఈ తేడాను బొల్లి తేలేదు, బొల్లి దాన్ని బయటపెడుతోంది. హిందూ వివాహ చట్టంలో విడాకులకు కారణంగా ఉన్న కుష్టును కూడా 2019లో పార్లమెంటు తీసేసింది. బొల్లి ఆ జాబితాలో ఎన్నడూ లేదు. అయినా మచ్చలు బయటపడ్డాక పుట్టింటికి పంపేస్తామన్న బెదిరింపులు ఆగలేదు.

ఉద్యోగాల్లో ఇంకో దెబ్బ ఉంది. ఈ రెండు జిల్లాల నుంచి సైన్యంలోకి, సీఆర్‌పీఎఫ్‌లోకి, పోలీసులోకి వెళ్లే కుర్రాళ్లు ఎక్కువ. ఇక్కడి మైదానాల్లో తెల్లవారుజామున పరుగెత్తే కుర్రాళ్లను చూస్తే అర్థమవుతుంది. సైన్యం వైద్య ప్రమాణాలు బొల్లి బయటికి కనిపించే భాగాల్లో కొద్దిగా ఉన్నా తీసుకోవద్దంటాయి. పరుగు, గుండె, చూపు, బలం ఏవీ తగ్గని మనిషి ఒక మచ్చతో ఆగిపోతాడు. ఎండ దెబ్బ గురించిన జాగ్రత్త కొంతవరకు సబబే, కానీ పెదవి మీది ఒక్క మచ్చకూ, ఒళ్లంతా ఉన్న మచ్చలకూ ఒకే తీర్పు ఇవ్వడం సరికాదు. ఇటు వికలాంగుల హక్కుల చట్టం 2016 కుష్టు నయమైనవారిని, యాసిడ్ దాడి బాధితులను జాబితాలో చేర్చింది గానీ బొల్లిని చేర్చలేదు. పనికిరాడని తిప్పిపంపే చోట రోగం, రక్షణ అడిగే చోట ఏమీ కాదు.

ఈ సందు చూసుకుని గోడల మీద, బస్సుల వెనక "తెల్ల మచ్చలు గ్యారంటీగా పోగొడతాం" అన్న ప్రకటనలు వెలుస్తాయి. 1954 నాటి చట్టం ప్రకారం బొల్లికి మందు ఉందని ఇలా ప్రచారం చేయడం నేరం. కేసు పెట్టే అధికారి తిరిగేలోపు మరో గోడ మీద మరో పేరు కనిపిస్తుంది. ఇక్కడ అమ్ముకునేది ఆశను, దానికి గిరాకీ తెచ్చేది ఆలస్యం. మొదటి ఏడాదిలోనే చర్మవైద్యుడి దగ్గరకు వెళితే మచ్చ వ్యాపించడం ఆపే అవకాశం బాగుంటుంది. వెంట్రుకల కుదుళ్లలో దాగిన కణాల నుంచే రంగు తిరిగి వస్తుంది కాబట్టి ముఖం, మెడ త్వరగా కోలుకుంటాయి, వేళ్ల చివర్లు, పెదవులు మొండికేస్తాయి. అన్ని మచ్చలూ పోవు, పోయినవి మళ్లీ రావచ్చు. 2022 జూలైలో అమెరికా అనుమతించిన రుక్సోలిటినిబ్ క్రీము కొత్త ఆశే, కానీ మామూలు కుటుంబానికి ఆ ధర అందదు.

అందుబాటులో ఉన్నది కాంతి చికిత్స, దానికి అడ్డం దూరం. వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి తీసుకోవాలి. మందసలోనో కొత్తూరులోనో ఉన్న కూలి మనిషి ప్రతిసారీ శ్రీకాకుళానికో విశాఖకో వెళితే కాంతి కింద ఉండేది కొన్ని నిమిషాలు, పోయేది పూట కాదు, రోజు కూలి. నాలుగు వారాలకే మానేస్తారు, మందు పనిచేయలేదన్న పేరు మిగులుతుంది. ఉద్దానం కిడ్నీ రోగులు ఒకప్పుడు డయాలసిస్ కోసం విశాఖ దాకా వెళ్లేవారు. జనం పట్టుబట్టాక పలాస, సోంపేట వంటి చోట్లకే ఆ యంత్రాలు వచ్చాయి. బొల్లి ప్రాణం తీయదు కాబట్టి ఆ రెంటినీ ఒక గాట కట్టలేం. కానీ చేతులకు, ముఖానికి సరిపోయే చిన్న కాంతి యంత్రానికి నీటి శుద్ధి ప్లాంటు అక్కర్లేదు, ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు. ఒక గది, కరెంటు, శిక్షణ పొందిన ఒక నర్సు, నెలకోసారి వచ్చే చర్మవైద్యుడు చాలు. టెక్కలి, పార్వతీపురం, బొబ్బిలి ఆసుపత్రుల్లో ఒక్కొక్కటి పెట్టించమని ప్రజాప్రతినిధులను అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏటా జూన్ 25న వచ్చే ప్రపంచ బొల్లి దినం దానికి మంచి రోజు.